కలుక్కుమన్నది ఏమిటి?

డాక్టరుగారు కుర్రవాడు. ఉత్తరాది నుంచి హైదరాబాద్ వచ్చి ఎన్నాళ్ళో అయినట్టు లేదు, తెలుగు ఇంకా పట్టుబడలేదు. మా పెద్దమ్మకు హిందీ రాదు. మధ్యలో నేను. ఏమవుతోందో చెప్పమని ఆయన హిందీలో అడిగాడు, నేను తెలుగులో అడిగాను. పెద్దమ్మ ఎడమ డొక్క మీద చెయ్యి వేసుకుని, "ఇదిగో, ఇక్కడ కలుక్కుమంటోంది నాయనా. పొద్దుటి నుంచి కడుపులో గుడగుడ కూడా" అంది.

గుడగుడకు నా అవసరమే రాలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన "గుడ్‌గుడ్?" అని కడుపు వైపు వేలు చూపించాడు, పెద్దమ్మ తల ఊపింది. కలుక్కు దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. 'దర్ద్' అన్నాను. ఎలాంటి దర్ద్ అన్నాడు. మంట కాదు, పీకడం కాదు, పోటు అందామంటే అంత పెద్ద మాట కాదు. నాకు పాలుపోలేదు. ఆయన ఇంకో దారి పట్టాడు: నొప్పి అలాగే ఉంటోందా, వచ్చి పోతోందా? నేను దాన్ని తెలుగు చేసి అడగ్గానే పెద్దమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "కలుక్కుమంటోంది అన్నాను కదరా" అంది.

చివరికి బీపీ చూడటానికి వచ్చిన ఆయమ్మ గట్టెక్కించింది. పాతబస్తీ మనిషి, రెండు భాషలూ ఇంట్లోవే. "టీస్, డాక్టర్ సాబ్" అంది, అంతే. ఆయన రాసుకున్నాడు.

పెద్దమ్మ చూపులోని విసుగుకు కారణం ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు. డాక్టరు అడిగిన ప్రశ్నకు ఆవిడ మొదటి మాటలోనే జవాబు చెప్పేసింది. 'కలుక్కు' అంటే ఉన్నట్టుండి వచ్చి, ఒక్కసారి పొడిచి, పోయేది. రోజంతా అంటిపెట్టుకుని ఉండేదయితే 'సలుపుతోంది' అనేది. నొప్పి ఎలా వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, ఎలా ముగుస్తుందో ఆ మాట ఆకారంలోనే ఉంది. తెలుగు తెలిసిన చెవికి అది వేరే చెప్పక్కర్లేదు.

బడిలో ఇలాంటి మాటలకు ధ్వన్యనుకరణ పదాలని పేరు చెప్పారు. చప్పుడును అనుకరించే మాటలట. గాజులు గలగల, వాన చిటపట, తలుపు టకటక. బాగానే ఉంది. మరి కలుక్కు ఏ చప్పుడుకు అనుకరణ? డొక్క మీద స్టెతస్కోపు ఆనించి గంటసేపు విన్నా కలుక్కు వినిపించదు. ఆకలి నకనకలాడుతుంటే ఆ నకనకను విన్నవాళ్ళెవరు? కొత్త ఇత్తడి బిందె తళతళకూ, పక్కింటి సాంబారు ఘుమఘుమకూ చప్పుడెక్కడిది? బడిలో చెప్పిన నిర్వచనం ఈ మాటల్లో సగానికి కూడా సరిపోదు.

చప్పుడు ఉన్న చోట కూడా అనుకరణ అనేది అంత తేలిక వ్యవహారం కాదు. ఈ తగువు చాలా పాతది. వేదంలోని మాటల పుట్టుక చెప్పే నిరుక్తం రాసిన యాస్కుడు కాకి దగ్గర ఆగి, 'కాక' అన్నది శబ్దానుకృతి అనీ, పక్షుల పేర్లలో ఇది మెండనీ అన్నాడు. ఆ వెంటనే ఔపమన్యవుడనే ఆచార్యుడి మాట కూడా చెప్పాడు: శబ్దానుకృతి అనేదే లేదు, తరిమికొట్టదగినది కాబట్టే దానికి కాకమని పేరు. డాబా మీద వడియాలు పెట్టిన వాళ్ళను అడిగితే ఔపమన్యవుడికే ఓటు వేస్తారు గాని, మిగతా లోకం యాస్కుడి వైపే ఉంది. తెలుగులో తీతువు, సంస్కృతంలో టిట్టిభం అన్నది ఒకే జాతి పిట్ట అరుపుకు రెండు చెవులు పెట్టిన రెండు పేర్లు.

రెండు చెవులు రెండు పేర్లు ఎందుకు పెట్టాయి? అందరికీ తెలిసిన ఉదాహరణ కోడిపుంజు. మనకు కొక్కొరొకో అంటుంది. గోడ అవతల ఉర్దూ ఇంట్లో కుక్‌డూ కూఁ అంటుంది. ఫ్రెంచివాళ్ళకు కోకోరికో, జర్మన్లకు కికెరికీ, జపాన్‌లో కొకెకొక్కో. కోడి మారలేదు. ప్రతి భాషా తన దగ్గరున్న అక్షరాలతో, తనకు అలవాటైన పలుకుబడితో ఆ కూతను అచ్చుపోసుకుంది. అయినా అన్నింటిలోనూ 'క' ఉంది చూడండి. పూర్తిగా కోడిదీ కాదు, పూర్తిగా మనదీ కాదు. స్విట్జర్లాండ్ భాషాశాస్త్ర పండితుడు సొస్యూర్, ఆయన పోయాక 1916లో శిష్యులు అచ్చువేసిన పాఠాల్లో, ఈ మాటలను దాదాపు పక్కకు నెట్టేశాడు. మాటకూ అర్థానికీ సంబంధం మనం పెట్టుకున్నదే తప్ప సహజమైనది కాదన్నది ఆయన సిద్ధాంతం. ధ్వన్యనుకరణ పదాలు కొద్దిగానే ఉంటాయి, ఉన్నవి కూడా కాలక్రమంలో అరిగిపోతాయి అన్నాడు. లాటిన్‌లో పిట్ట కిచకిచలాంటి 'పీపియో' అరిగి అరిగి ఫ్రెంచిలో పావురానికి 'పీజో' అయింది, ఇప్పుడందులో పిట్ట అరుపు ఎక్కడా లేదు.

సొస్యూర్‌కు తెలుగు వచ్చి ఉంటే ఆ 'కొద్దిగానే' అన్న మాట అనేవాడు కాదని నా అనుమానం. మన దగ్గర ఇవి మాటల గుంపు కాదు, ఒక యంత్రాంగం.

ముందు వీటి పరిధి చూద్దాం. ఇలాంటి మాటలను భాషాశాస్త్రంలో ఐడియోఫోన్లంటారు. దక్షిణాఫ్రికాలో బంటూ భాషల మీద పనిచేసిన డోక్ 1935లో ఈ పేరు పెట్టాడు. డచ్ పరిశోధకుడు డింగెమన్స ఎన్నో భాషలు పోల్చి 2012లో ఒక మెట్ల వరస ప్రతిపాదించాడు. మొదటి మెట్టు చప్పుడు, తర్వాత కదలిక, ఆపైన కంటికి కనిపించేది, ఆపైన రుచి, వాసన, స్పర్శ, చివర లోపలి అనుభూతి. పై మెట్టుకు మాటలున్న భాషలో కింది మెట్టుకు కూడా ఉంటాయి, కింద ఉన్నంత మాత్రాన పైన ఉండాలని లేదు. తెలుగు చివరి మెట్టు దాకా ఎక్కేసింది. గలగల చప్పుడు. గిరగిర, గబగబ కదలిక. మిలమిల, తళతళ కంటికి. ఘుమఘుమ ముక్కుకు, గరగర చేతికి. కళ్ళు చిమచిమ, మనసు చివుక్కు, గుండె ఝల్లు లోపలివి. బస్సు కిటకిటలాడటం ఏ మెట్టు కిందకు వస్తుందో మీరే చెప్పండి. సాయంత్రం ఆరింటికి కోఠిలో బస్సెక్కిన వాడికి అది అయిదు మెట్లూ కలిపి.

పైన చప్పుడు అన్న గలగల కూడా చెవిని ఎప్పుడో దాటేసింది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు వెళ్ళి ఒకసారి పరీక్షగా వినండి. అక్కడి పేరంతా లక్క గాజులది. దుకాణదారు డజను లక్క గాజులు చేతికి ఎక్కించి ఊపితే వచ్చేది మందమైన చప్పుడు, కర్రముక్కలు తగిలినట్టు. గలగల గాజు గాజులది, అవి వేరు. కానీ అవే లక్క గాజులు తొడుక్కుని పెళ్ళికి వచ్చిన అమ్మాయి గురించి రాయమనండి, 'గాజులు గలగలమంటూ' అనే రాస్తాం. గలగలమనే నవ్వు, గలగలా పారే ఏరు, గలగలా మాట్లాడే మనిషి. వీటన్నింటినీ కలిపేది ఒకే చప్పుడు కాదు. తేలికగా, తెరిపి లేకుండా, ఒకదాని వెనుక ఒకటి తగులుతూ సాగిపోయే తీరు.

గడగడను చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. చలికి గడగడ వణుకుతాం. ఎక్కాలు గడగడ అప్పజెపుతాం. మంచినీళ్ళు గడగడ తాగేస్తాం. వణుకుకూ ఎక్కాలకూ చప్పుడులో పోలిక లేదు. ఉన్నదల్లా లయ: వేగంగా, ఒకే తీరుగా, మధ్యలో ఆగకుండా. తెలుగు ధ్వన్యనుకరణ పదం చప్పుడు రంగు కంటే చప్పుడు నడకను ఎక్కువ అనుకరిస్తుంది. నడక చప్పుడుకే కాదు, వెలుగుకు కూడా ఉంటుంది, నొప్పికీ ఉంటుంది. అందుకే ఒక్క అచ్చులోంచి చెవికి సంబంధించిన మాటా, డొక్కకు సంబంధించిన మాటా రెండూ వస్తాయి.

ఆ అచ్చులు ఎలా పనిచేస్తాయో కొంచెం దగ్గర నుంచి చూడాలి. ఒకే ధాతువును రెండు రకాలుగా పోతపోస్తే ఏమవుతుందో చూడండి. గబగబ నడిచాడు, గబుక్కున లేచాడు. నక్షత్రాలు తళతళ, మెరుపు తళుక్కు. మజ్జిగ గటగట, మాత్ర గటుక్కు. మొదటిది రెట్టింపు, రెండోది ఒక్క దెబ్బ. రెట్టింపు చేస్తే పని సాగుతుంది. '-క్కు' తగిలిస్తే పని ఒక్కసారి జరిగి తెగిపోతుంది. ఇక '-క్కు' కుటుంబమంతా వరసగా రండి: చటుక్కు, పుటుక్కు, చురుక్కు, చివుక్కు, కిసుక్కు, బళుక్కు. దారం పుటుక్కున తెగుతుంది. పుటుక్కున సాగే పని లోకంలో లేదు. క్లాసులో ఒకమ్మాయి కిసుక్కున నవ్విందంటే నవ్వు బయటపడిన మరుక్షణం నోరు మూసుకుందని అర్థం. కిలకిల అంటే మాస్టారు బయటకు వెళ్ళి ఉండాలి. ఆ కుటుంబంలో పెద్దమ్మ కలుక్కు ఒక సభ్యురాలు. రెండు 'క'లు కలిసే చోట గొంతులో గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగిపోతుంది, పలికి చూడండి. మాటే ఆగి, తెగుతుంది.

గాలి పూర్తిగా ఆగని జంటాక్షరాలు పెడితే కథ మారిపోతుంది. 'ర్ర' పెట్టండి: సర్రున జారాడు, గిర్రున తిరిగింది, తుర్రుమని ఎగిరింది, చెప్పులు కిర్రుమన్నాయి, తాతగారి గుర్రు. నాలుక ఆడుతూనే ఉంటుంది, పని సాగుతూనే ఉంటుంది. ఒకే ఊపులో మొదలై ఒకే ఊపులో వెళ్ళిపోయే కదలికలివి. 'ల్ల' లేదా 'ళ్ళ' పెడితే చప్పుడు ఒక చోట పుట్టి చుట్టూ పరుచుకుంటుంది: ఘల్లు, ఝల్లు, జిల్లు, ఘొల్లు, భళ్ళు. జనం ఘొల్లుమంటారు. అద్దం భళ్ళున పగులుతుంది. అదే నోటితో భళ్ళున తెల్లవారింది అంటాం. సూర్యుడు చప్పుడు చేశాడా? లేదు, వెలుగు పగిలిన గాజులా ఒక్కసారిగా అంతటా పరుచుకుంది. నాకు తెలుగులో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగాల్లో అదొకటి. 'స్స' అయితే గాలి పోతుంది: పాము బుస్సు, పిల్లి కస్సు, దీపావళికి తడిసిన టపాకాయ తుస్సు. 'ప్ప' దగ్గర గాలి మళ్ళీ ఆగుతుంది గాని, మూత తీసినట్టు ఒక్కసారి బయటకు కొడుతుంది: గుప్పుమన్న వాసన, గుప్పుమన్న పొగ. ఘుమఘుమ వాసన వంటింట్లోంచి అలలుగా వస్తుంది, గుప్పుమన్న వాసన తలుపు తీయగానే మొహాన కొడుతుంది. వాసన ఒకటే కావచ్చు, నడకలు వేరు.

చిటపటను చూడండి, అది రెట్టింపు కూడా కాదు. చిట తర్వాత చిట రాలేదు, పట వచ్చింది. వాన మొదలయ్యేటప్పుడు చినుకులు అలాగే పడతాయి, ఒకటి రేకు మీద, ఒకటి ఆకు మీద, లెక్కా పద్ధతీ లేకుండా. జల్లు కుదురుకున్నాక ఎవరూ చిటపట అనరు. కోపం వచ్చిన మనిషి చిటపటలాడటం కూడా అలాంటిదే, ఎప్పుడు ఎవరి మీద ఏ చినుకు పడుతుందో తెలియదు.

ఇదంతా గణితసూత్రంలా ఎదురులేకుండా నడుస్తుందని అనను. 'దబ్బున' పడిపోవడానికీ 'చప్పున' రావడానికీ మధ్య తేడా మొత్తం జంటాక్షరాలతో వివరించలేం. కానీ కొత్త మాట పుట్టించమంటే తెలుగువాడు ఈ అచ్చుల్లోనే పుట్టిస్తాడు, విన్నవాడికి వెంటనే అర్థమవుతుంది. నిఘంటువు చూడక్కర్లేదు.

ఈ మాటలకు భాష కొన్ని ప్రత్యేక హక్కులు కూడా ఇచ్చింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు వర్ణాలు ముప్పై ఆరే అని లెక్క తేల్చాడు. ఖ, ఘ, ఝ, ఢ, భ లాంటి మహాప్రాణాలు, అంటే ఒత్తి పలికే అక్షరాలు, అచ్చతెలుగు సొత్తు కావు, సంస్కృతం వెంట వచ్చినవి. అయినా ఘల్లు, ఝల్లు, భళ్ళు, ఖంగు, ఢమఢమ ఏ సంస్కృతం వెంటా రాలేదు. బరువు కావలసిన చోట తెలుగు నోరు అరువు అక్షరాన్ని సొంతానికి వాడుకుంది. గజ్జెలు గల్లుమన్నా ఘల్లుమన్నా ఒకటే అనేవారుంటే ఒకసారి పైకి చదివి చూడాలి. అలాగే ట, డలు. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడంలో మాట మొదట ఈ హల్లులు వచ్చేవి కావని ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి లాంటి వారు తేల్చారు. తర్వాత ఏవో కొన్ని చేరినా, ఇప్పటికీ తెలుగు నిఘంటువులో 'ట' పుటలు తిప్పితే టకటక, టపటపల్లాంటివీ, బయటి నుంచి వచ్చిన మాటలూ ఎక్కువగా తగులుతాయి. మిగతా మాటలకు మూసి ఉన్న తలుపు చప్పుళ్ళకు తీసి ఉంది.

మరో ప్రత్యేకత వ్యాకరణంలో ఉంది, అది మనకు ఎంత అలవాటంటే కనిపించదు. గంట ఖంగుమంది. ఏమంది? 'ఖంగు' అంది. గుండె ఝల్లుమంది, కలుక్కుమంటోంది, జివ్వుమన్నది. ప్రతిసారీ వచ్చే క్రియ 'అను'. మనిషి మాటను ఏ క్రియతో చెబుతామో గంట మాటనూ, గుండె మాటనూ, డొక్క మాటనూ అదే క్రియతో చెబుతున్నాం. తెలుగు వీటిని వర్ణించడం లేదు, ఉటంకిస్తోంది. సంస్కృతానికీ ఈ సంగతి తెలుసు. అవ్యక్తమైన చప్పుడు, అంటే అక్షరాలుగా విడదీయలేని చప్పుడు, దాన్ని అనుకరించే మాటల కోసం పాణిని విడిగా సూత్రాలే చేశాడు. వాటిలో ఒకటి అలాంటి మాట తర్వాత 'ఇతి' వస్తే ఏమవుతుందో చెబుతుంది: పటత్ + ఇతి, పటితి. ఇతి అంటే 'అని'. అక్కడా ఉటంకింపే.

మాట చప్పుడుకూ అర్థానికీ మధ్య ఈ పోలిక మన సరదా ఊహేనా, మెదడులో నిజంగా ఉందా అన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో పేరుమోసిన ప్రయోగం ఒకటుంది. ఒక కోసు బొమ్మ, ఒక గుండ్రటి బొమ్మ చూపించి, వీటిలో కికి ఏది, బూబా ఏది అని అడుగుతారు. 1929లో కోలర్ వేరే పేర్లతో మొదలుపెట్టిన ఈ ఆటను 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ ఈ పేర్లతో ప్రసిద్ధం చేశారు. ఎక్కువమంది కోసుదాన్ని కికి అంటారు. ఇంగ్లీషు అక్షరాల ఆకారమే దారి చూపిస్తోందేమో అని ఒక అనుమానం ఉండేది, అందులో 'కె' కోసుగా, 'బి' గుండ్రంగా ఉంటాయి కాబట్టి. 2022లో 25 భాషల్లో, 917 మందితో, రకరకాల లిపులు వాడే వారితో చేసిన అధ్యయనంలో సుమారు 72 శాతం మంది అదే జవాబు ఇచ్చారు. అన్ని భాషల్లోనూ సమానంగా తేలలేదు గాని, లిపి ఒక్కటే కారణం కాదని తెలిసింది. మనకైతే ఆ అనుమానం మొదటే రాకూడదు. కికి, బూబా అని తెలుగులో రాసి చూడండి, రెండూ బూబాలే.

ఇక డాక్టరు గుడగుడ ఎలా అందుకున్నాడన్న సంగతి. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఎమెనో అనే పండితుడు ద్రావిడ భాషలతో జీవితం గడిపినవాడు. వేర్వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన శతాబ్దాలు బతికి ఒకరి తీరు ఒకరికి అంటించుకున్న ప్రాంతంగా భారతదేశాన్ని చూడాలని 1956లో వాదించాడు. 1969లో ప్రత్యేకంగా ఈ ధ్వన్యనుకరణ పదాలనే తీసుకుని, ఇటు ద్రావిడ భాషల్లోనూ అటు హిందీ లాంటి ఆర్య భాషల్లోనూ వీటి నిర్మాణం ఎంత దగ్గరో చూపించాడు. హైదరాబాద్‌లో దాన్ని రుజువు చేయడానికి గ్రంథాలు అక్కర్లేదు. కడుపులో గుడగుడ, గుడ్‌గుడ్. తలుపు టకటక, ఖట్‌ఖట్. గుండె దడదడ, ధడ్‌ధడ్. రెట్టింపు అచ్చు రెండు వైపులా ఒకటే కాబట్టి గుడగుడ సరిహద్దు తనిఖీ లేకుండా దాటిపోయింది. కలుక్కుకు అవతల జోడీ 'టీస్', అది ఆ '-క్కు' అచ్చులో లేదు. రెండూ తెలిసిన మనిషి దొరకాలి. ఆయమ్మ దొరికింది. (చాయ్ గీయ్, చాయ్ వాయ్ కూడా ఈ ఊళ్ళో రెండు వైపులా వినిపించే జోడీయే. కానీ అది చప్పుడు అనుకరణ కాదు, మాటకు మాట ప్రతిధ్వని. దాని కథ వేరు.)

నొప్పికి మాటలు వెతకడం వైద్యంలో చిన్న విషయమేమీ కాదు. కెనడాలో మెగిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలను 20 గుంపులుగా చేసి రోగుల చేతికి ఇచ్చే ప్రశ్నావళి తయారుచేశాడు. అందులో మొదటి గుంపే నొప్పి లయకు సంబంధించింది: అదురుతోందా, కొట్టుకుంటోందా, బాదుతోందా అని. జపాన్‌లో పోటెత్తే నొప్పి జుకిజుకి, సూదులు గుచ్చినట్టుంటే చికుచికు, తల బద్దలైపోతుంటే గాన్‌గాన్. తెలుగు రోగి దగ్గర కలుక్కు, చురుక్కు, జివ్వు, చిమచిమ, సలుపు ఉండనే ఉన్నాయి. వాటిని 'నొప్పి' అని ఒక్క మాటగా చదును చేసి అప్పగించేది నాలాంటి మధ్యవర్తులమే.

డాక్టరుగారు వారం రోజులు రాసి తెమ్మని ఒక కాగితం ఇచ్చాడు. తేదీ, సమయం, నొప్పి ఎలా ఉంది అని మూడు గడులు. పెద్దమ్మకు కళ్ళు ఆనవు కాబట్టి ఆవిడ చెప్పింది నేను రాశాను, ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా. సోమవారం ఉదయం, కలుక్కు. సోమవారం రాత్రి, కలుక్కు, రెండుసార్లు. మంగళవారం, చురుక్కు, దగ్గితే మాత్రమే. బుధవారం, సన్నగా సలుపు. గురువారం సాయంత్రం ఎంతసేపటికీ ఏమీ చెప్పకపోతే, ఏం రాయమంటావని అడిగాను. డొక్క మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగి చూసింది.

"ఈ పూట ఏమీ అనలేదు, అని రాయి."